తోడుకోని పాలు

మా క్యాంటీన్‌లో పెరుగు గదికి రోజూ మధ్యాహ్నం మూడింటికి లోపలి నుంచి గడియ పడేది. గంటసేపు ఎవరు తట్టినా తీసేది కాదు. ఒకసారి జనరల్ మేనేజరుగారే వచ్చి తట్టారు. "తోడేస్తున్న సారూ, జర ఆగుండ్రి" అని లోపలి నుంచి జవాబొచ్చింది. ఆయన చేతులు కట్టుకుని ఆగారు. అంత పెద్దాయనను గుమ్మం బయట నిలబెట్టిన మనిషి పేరు కళావతి. మేమంతా కళావతమ్మ అనేవాళ్లం.

కంచన్‌బాగ్‌లో ఉన్న ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో మాదొకటి, పేరు ఇక్కడ అవసరం లేదు. పధ్నాలుగు వందల మంది అన్నం తినే చోటు. నేను టైమ్ ఆఫీసులో గుమాస్తాను, పేరు ఫణి. క్యాంటీన్ కమిటీకి సెక్రటరీని కూడా. ఆ పదవి గొప్పతనం ఏమిటంటే సాంబారులో ఉప్పు ఎక్కువైనా నన్నే తిడతారు, తక్కువైనా నన్నే తిడతారు. నా పంతొమ్మిదేళ్ల సర్వీసులో పెరుగు గురించి మాత్రం ఒక్క తిట్టు తినలేదు. అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు, అంతా కళావతమ్మదే.

ఆమె పుట్టింది గౌలిపురాలో. తల్లి మట్టి కుండల్లో పెరుగు పెట్టి, గంప నెత్తిన పెట్టుకుని పత్తర్‌గట్టి దుకాణాలకు తిరిగి పోసేది. కళావతమ్మ పదేళ్లప్పటి నుంచే ఆ గంప వెనకాల నడిచింది. పెళ్లయి ఉప్పుగూడ వచ్చింది. భర్త మా ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు కూలీగా పనిచేస్తూ జబ్బుపడి పోయాడు. అప్పట్లో ఎవరో పెద్ద మనసు చేసుకుని ఆమెకు క్యాంటీన్‌లో పని ఇప్పించారు. అదీ కాంట్రాక్టు పనే. ఇరవై ఆరేళ్లు గడిచినా ఆ కాంట్రాక్టు పర్మనెంటు కాలేదు. దీని గురించి నేను ఎన్ని కాగితాలు రాశానో చెప్పుకుంటే నాకే సిగ్గు, ఎందుకంటే ఒక్కదానికీ జవాబు రాలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఆమె పని చూడ్డానికి సులువు. పాలు కాచి, చల్లార్చి, ఇరవై నాలుగు స్టీలు బగోనల్లో పోసి తోడు వెయ్యాలి. పాల వేడి తెలుసుకోవడానికి చిటికెన వేలు ముంచి మనసులో అయిదు లెక్కపెట్టేది. తోడు ముందురోజు పెరుగులో బాగా కుదిరిన బగోన నుంచి తీసేది. మా ఇంట్లో దాన్ని చేమిరి అంటామని చెబితే పడీపడీ నవ్వి, "చేమిరి ఏంది సారూ, మందు పేరులెక్క!" అంది. తోడు వేసేటప్పుడు ఎవరూ చూడకూడదు, దిష్టి తగిలితే పెరుగు జారిపోతుందని ఆమె నమ్మకం. అందుకే ఆ గడియ. మేం ఆమెను ఆట పట్టించేవాళ్లం గానీ లోపల ఏం చేస్తోందో ఏనాడూ తొంగి చూడలేదు.

గిన్నెలు కడిగేది కృష్ణమ్మ. రక్షాపురంలో ఉంటుంది, ఇంటర్ చదివే కూతురు భాగ్యశ్రీ ఒక్కతే ఆమెకు. ఎంత గట్టిగా తోముతుందంటే సోడా నీళ్లకు చేతివేళ్లు పగిలిపోయి ఉంటాయి. ఆమె కడిగి బోర్లించిన బగోనలు కళావతమ్మ లోపలికి తీసుకుపోయేది. ఇద్దరూ అక్కాచెల్లెళ్లు కారు గానీ ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు తినేవాళ్లు.

మొన్న నవంబరులో కొత్త క్యాంటీన్ మేనేజరు ఉమాపతిగారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, మాదీ అటే. చెడ్డవాడు కాదు. ఆడిట్ అన్న మాట వినపడితే మాత్రం ఆయన గుండె జారిపోతుంది. నిన్నటి పెరుగు తీసి ఇవాళ్టి పాలలో వెయ్యడం ఆయనకు మురికి పనిలా కనిపించింది. ఒక కంపెనీ నుంచి తోడు పొడి తెప్పించారు. ఫ్రీజరులో పెట్టిన చిన్న ప్యాకెట్లు, రోజుకొకటి. ప్యాకెట్టు చింపి పాలలో కలపడమే, పాత తోడు ముట్టుకోకూడదని ఆర్డరు.

"గింత పొడి గన్ని పాలకు ఏం సరిపోతది సారూ?" అని కళావతమ్మ నా దగ్గర గొణిగింది. అయినా చెప్పినట్టే చేసింది. తల్లి కుండ నుంచి తెచ్చుకున్న తోడు ఆ నవంబరులో ఆగిపోయింది. పొడి పెరుగు బాగానే ఉండేది, అబద్ధం చెప్పను. రోజూ ఒకటే రుచి. మూడు నెలలు ఎవరూ నోరెత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గరే కృష్ణమ్మ నన్ను ఆపేసింది. "ఫణి సారూ, జల్ది రాండ్రి, అక్క పరేషాన్ అయితున్నది" అంది. వెళ్లేసరికి కళావతమ్మ ఒక బగోనను రెండు చేతులతో పట్టుకుని వంచుతోంది. పెరుగైతే అంచు దగ్గర ఆగాలి. పాలు జర్రున కదిలి ఆమె చీర మీద పడ్డాయి. ఇరవై నాలుగింటిలో తొమ్మిది అలాగే ఉన్నాయి.

"చలి గిట్ల లేదు, ఎండ గిట్ల లేదు. ఎందుకు గిట్లయింది?" అంది, నన్ను కాదు, బగోననే అడుగుతున్నట్టు.

ఆ రోజు ఉన్న పెరుగులో నీళ్లు కలిపి మజ్జిగ పోశాం. శుక్రవారం ఇరవై నాలుగూ పాలే. ఒక్కటి కూడా తోడుకోలేదు. బయట నుంచి పెరుగు ప్యాకెట్లు తెప్పించి తలా ఒకటి పెట్టాం. క్యాంటీన్‌లో ఒకటే లొల్లి. "ఇంత జీతాలు తింటరు, పెరుగు పెట్టుడు చాతగాదా?" అని ఒకాయన నా మొఖాన ప్యాకెట్టు ఊపాడు. ఉమాపతిగారు ఆ పాలన్నీ మోరీలో పారబోయించమన్నారు. మధ్యాహ్నం మా ముగ్గురినీ తన గదిలోకి పిలిచారు.

"పొడి మంచిదే, పాలు మంచివే. ఇంక మిగిలింది గిన్నెలు" అన్నారు. "కడగడంలోనే ఉంది లోపం. కృష్ణమ్మా, రేపట్నుంచి నువ్వు రావద్దు. వచ్చే గురువారం విచారణ పెడతాను, అప్పుడు రా. అప్పటికీ పెరుగు కుదరకపోతే పెరుగు గది మూసేసి ప్యాకెట్లకే కాంట్రాక్టు ఇచ్చేస్తాను. కళావతమ్మా, నువ్వు కూడా వేరే పని చూసుకోవాల్సి వస్తుంది."

కృష్ణమ్మ తన చేతులు ముందుకు చాపి చూపించింది. "సారూ, ఈ చేతులు జూడుండ్రి. కడగకుంటే గిట్ల పల్గుతయా?" అంది. ఆయన చూడలేదు. మెమో టైపు చెయ్యమని నాతో అన్నారు. చేశాను. 'గిన్నెల శుభ్రతలో నిర్లక్ష్యం' అన్న ముక్క నా సొంతం. అంత చక్కటి గుమాస్తా భాష నాకు తప్ప ఇంకెవరికి వస్తుంది!

శనివారం ఇద్దరు మగవాళ్లను పెట్టి మరుగుతున్న నీళ్లతో బగోనలు కడిగించారు. సోమవారం పొద్దున చూస్తే అవీ పాలే. కృష్ణమ్మ లేకపోయినా తోడుకోలేదు కదా అని నాకు తట్టాలి. తట్టింది కూడా. పైకి అనలేదు.

సోమవారమే పొడి పంపిన కంపెనీ వాళ్లు ఒక అమ్మాయిని పంపారు. పేరు హరిప్రియ. పాతికేళ్లుంటాయేమో, భుజాన పెద్ద సంచి, చేతికి తొడుగులు. ప్రతి బగోన నుంచీ చిన్న సీసాల్లోకి పాలు తీసింది. అలమార కింద గుడ్డ కప్పి ఉన్న ఒక బగోన ఆమె కంటపడింది.

"ఇదేంటండీ?"

కళావతమ్మ తడబడింది. "శుక్రారంది మేడం. సారు పారబొయ్యమన్నడు. అన్నీ పోసిన. ఒక్కటి చెయ్యి రాక దాసిన. పాలు మోరీల పోసుడు నాతోని కాలె."

హరిప్రియ గుడ్డ తీసింది. లోపల గట్టి పెరుగు. మూడు రోజులది కాబట్టి పుల్లటి వాసన గుప్పుమంది, కానీ చెంచా గుచ్చితే నిలబడింది. ఉమాపతిగారు ముక్కు మూసుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం చాలాసేపు దానివైపే చూసి, అందులోంచి రెండు సీసాలు నింపుకుంది. పాత పెరుగు మీది తేట ఉన్న బకెట్టు నుంచి కూడా ఒక సీసా తీసుకుంది.

మంగళవారం పదకొండింటికి తిరిగి వచ్చింది. పెరుగు గదిలోనే నిలబడి చెప్పింది. ఉమాపతిగారు, కళావతమ్మ, నేను విన్నాం.

"పాలను పెరుగు చేసేవి బ్యాక్టీరియా కదండీ. మనకు జబ్బులు వచ్చినట్టే వాటికీ వస్తాయి. వాటిని మాత్రమే పట్టే వైరస్‌లు ఉన్నాయి, మనుషులకు వాటితో ఏమీ కాదు. ఒక వైరస్ బ్యాక్టీరియాలోకి దూరిందంటే గంటలోపే అది పగిలిపోయి, లోపలి నుంచి వందో నూట యాభయ్యో కొత్తవి బయటికి వస్తాయి. అవి పక్కవాటిని పడతాయి. పెరుగు అవ్వాల్సిన టైముకు పెరుగు చేసేవే ఉండవు."

"మరి ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు?" అన్నారు ఉమాపతిగారు.

"పాత తోడులో పది పన్నెండు రకాలు కలిసి ఉంటాయి. ఒక రకం చస్తే ఇంకో రకం అందుకుంటుంది. మా పొడిలో ఉండేవి రెండే రకాలు. పైగా రోజూ కొత్త ప్యాకెట్టు, అంటే రోజూ అవే రెండు. వైరస్‌కు రోజూ సిద్ధంగా వడ్డించినట్టు. అలా పెరిగి పెరిగి మీదపడింది."

"అసలు లోపలికి ఎట్లా వచ్చింది? పాలు కాస్తున్నాం కదా?"

"కాచాక కలిసింది. పెరుగు మీద తేరుకునే నీళ్లు ఉంటాయి చూశారూ, తేట, దాంట్లో ఉంటాయండీ. ఒక్క చుక్కలో లక్షలు. నిన్నటి తేట చుక్క ఇవాళ్టి గిన్నెలో పడితే చాలు. ఆంటీ, మీరు ఎక్కడైనా తేట వాడతారా?"

కళావతమ్మ తల అడ్డంగా ఊపిందో, ఊరికే వణికిందో నాకు తెలియలేదు. ఉమాపతిగారు ఆగలేదు. "అంటే గిన్నెల్లో పాత నీళ్లు మిగిలిపోయాయన్నమాట. కడగలేదన్నమాట! నేను మొదటి రోజే చెప్పాను. ఫణీ, రాసుకోండి." రాసుకున్నాను. సైన్సు కూడా కృష్ణమ్మ మీదే సాక్ష్యం చెప్పినట్టయింది.

హరిప్రియ ఆ దాచిన బగోన సంగతికి వచ్చింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతే మారిపోయింది. "వైరస్ దాడి చేసినప్పుడు కోట్లలో ఎక్కడో కొన్ని బతుకుతాయి. అవి వైరస్‌లోంచి చిన్న ముక్క తీసి తమలో దాచుకుంటాయి. మళ్లీ అదే వైరస్ వస్తే ఆ ముక్కతో గుర్తుపట్టి, రాగానే కోసేస్తాయి. వాటికి పుట్టేవాటికి కూడా ఆ గుర్తు వస్తుంది. ఆ బగోనలో బతికినవే నెమ్మదిగా పెరిగి పాలను పెరుగు చేశాయి అనుకుంటున్నాను. మీరు పారబోసి ఉంటే అవి పోయేవి ఆంటీ."

"అంటే అవి యాది పెట్టుకుంటయా బిడ్డా?" అని అడిగింది కళావతమ్మ.

"అవును. యాది పెట్టుకుంటాయి."

రేపు ఆ తోడుతో రెండు బగోనలు పెట్టి చూద్దామని అనుకున్నారు. ఈలోగా గది బయట ఎవరో సగం విన్నారు. మధ్యాహ్న భోజనానికి 'పెరుగుల వైరస్' అన్న మాట హాలంతా పాకింది. కరోనా నాటి మాస్కు బీరువాలోంచి తీసి కట్టుకొచ్చాడు మా స్టోరు కీపరు, అన్నం ముద్ద పెట్టుకునే ప్రతిసారీ గడ్డం కిందికి దించి మళ్లీ పైకి లాక్కున్నాడు. నవ్వొచ్చే సంగతే, కానీ మజ్జిగ గ్లాసు ఒక్కరూ ముట్టుకోలేదు. ఆ గది మూతపడితే బాగుండునని అనేవాళ్లు ఒక్కరోజులో తయారయ్యారు.

రెండింటికి కళావతమ్మ టైమ్ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. చుట్టూ చూసి మెల్లిగా అంది.

"సారూ, తేట నేనే పూసిన."

నాకు అర్థం కాలేదు.

"కృష్ణమ్మ మంచిగనే కడుగుతది. కడిగినంక నేను గడియ పెట్టి, తేటల బట్ట ముంచి బగోనల లోపటంత తుడుస్త. మా అమ్మ కుండలకు గట్లనే తుడుస్తుండె. గట్ల జేస్తెనే గిన్నెకు పెరుగు గుణం పడతదని జెప్పేది. గిన్నేండ్ల సంది చేసిన. పొడి వచ్చినంక గూడ ఇడిసిపెట్టలే. మొన్న పెరుగు తప్పిన కాంచి రెండు రెండుసార్లు తుడిచిన సారూ, మంచిగైతదేమోనని."

ఆమె చేతులు కిటికీ చువ్వలు పట్టుకుని ఉన్నాయి. "కృష్ణమ్మది తప్పు లేదు. ఇప్పుడే పోయి మేనేజరు సారుకు చెప్త" అంది.

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. ఇప్పుడే పోయి చెబుతానంది.

నేను ఆపాను. నాకు తెలివి ఎక్కువ. పంతొమ్మిదేళ్లు ఫైళ్లు వాయిదా వేసి వేసి వచ్చిన తెలివి. "కళావతమ్మా, తొందరపడకు" అన్నాను. "ఇప్పుడు చెబితే ఆయన కోపంలో ఉన్నాడు, నిన్ను ఈ రోజే గేటు బయటికి పంపిస్తాడు. ఆ దాచిన తోడుతో పెరుగు పెట్టేవాళ్లు ఎవరున్నారు? గురువారం దాకా ఆగు. పెరుగు కుదిరిందనుకో, ఆయన చల్లబడతాడు. కృష్ణమ్మను మందలించి వదిలేస్తాడు, నేను మాట్లాడతాను. ఎవరి పనీ పోదు. రెండు రోజులే కదా."

"కృష్ణమ్మ రెండు రోజులు..." అని ఆగిపోయింది.

"రెండు రోజులకు ఏమవుతుంది?" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. చదువుకున్నవాడు, కమిటీ సెక్రటరీ, తనకంటే లోకం తెలిసినవాడు అనుకుంది. తలాడించి వెళ్లిపోయింది. నాకు చాలా మంచి పని చేసినట్టు అనిపించింది, టీ తెప్పించుకుని తాగాను కూడా.

బుధవారం పొద్దున ఆమె మొఖం చూస్తే అన్నం తిన్నట్టు లేదు. "నిన్న పొద్దుమీకి, దీపాలు పెట్టే యాళ్లకు, కృష్ణమ్మ మా ఇంటికొచ్చింది సారూ" అంది. "అక్కా, నువ్వే చూసినవ్ గద, నేనెట్ల కడుగుతనో, సారుకు చెప్పక్కా అని ఏడ్సింది. చాయ్ పోసిచ్చిన. నోటిదాంక వొచ్చింది. మీరు ఆగమన్నరని ఆగిన."

"ఇంక ఒక్కరోజే" అన్నాను. ఆమె కళ్లలోకి చూడకుండా రిజిస్టరు తిప్పుతూ అన్నాను.

ఆ మధ్యాహ్నం మొదటిసారి తలుపు తెరిచి ఉండగా కళావతమ్మ తోడు వేసింది. రెండు కొత్త బగోనలు, తేట గుడ్డ లేదు. చిటికెన వేలు ముంచింది. అయిదు దాకా లెక్కపెట్టడానికి బదులు చాలాసేపు అలాగే ఉంచేసింది, లెక్క తప్పింది కాబోలు. హరిప్రియ సంచిలోంచి చిన్న సీసా తీసింది. "ఇది మొన్నటి తేట. వైరస్ నిండా ఉంది. కావాలనే రెండో బగోనలో పోస్తున్నాను. ఇది కూడా తోడుకుంటేనే ఇవి తట్టుకున్నట్టు. లేకపోతే నాకు చెప్పడానికి ఇంకేం లేదు" అంది. సీసా వంచింది. కళావతమ్మ కళ్లు మూసుకుంది.

గురువారం ఆరింటికి మేం నలుగురం గదిలో ఉన్నాం. మొదటి బగోన మూత తీశారు. పెరుగు. అసలు సంగతి రెండోది. ఉమాపతిగారు దాని మూత మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశారు. "మీరే తియ్యండి కళావతమ్మా" అన్నారు. కళావతమ్మ మూత తీసి, బగోనను రెండు చేతులతో పట్టుకుని వంచింది. ఇంకా వంచింది. పెరుగు అంచు దగ్గర నిలబడింది. ఒక్క చుక్క కూడా కిందికి జారలేదు.

హరిప్రియ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఉమాపతిగారు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "గది ఉంటుంది. నేను రాస్తాను, గది ఉంటుంది" అన్నారు. కళావతమ్మ బగోన దించి నావైపు చూసింది. ఇక నువ్వు మాట్లాడు అని ఆ చూపుకు అర్థం. నేను తలాడించాను.

పదకొండింటికి మేనేజరు గదిలో విచారణ. కృష్ణమ్మ ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది, గోడకు ఆనుకుని నిలబడింది. పక్కనే కళావతమ్మ. హరిప్రియ కుర్చీలో, నేను బల్ల చివర రాసుకోవడానికి. ఆయన చల్లబడతారని కదా నా లెక్క. చల్లబడ్డ మనిషి ఎంత నింపాదిగా గొంతు కోస్తాడో ఆ రోజు చూశాను. చిరునవ్వుతోనే చదివారు. గిన్నెల్లో పాత తేట మిగిలిపోవడమే కారణమని నిపుణులు తేల్చారు, కడిగే మనిషి నిర్లక్ష్యం రుజువైంది, కాబట్టి ఆమెను తీసేసి వేరే మనిషిని పంపమని కాంట్రాక్టరుకు రాస్తున్నాం. మందలింపు మాటే లేదు.

"వేలిముద్ర వెయ్యి కృష్ణమ్మా" అన్నారు.

నేను మాట్లాడాల్సిన క్షణం అదే. మాట్లాడతానని మాటిచ్చింది నేనే. నా చెయ్యి ఇంకు ప్యాడును ఆమె వైపు జరిపింది. ఎందుకు జరిపానంటే ఏం చెప్పను, అలవాటు.

కృష్ణమ్మ పగిలిన వేలు ఇంకులో అద్దింది.

"ఏలు పెట్టకు కృష్ణమ్మా!" అని కళావతమ్మ అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "సారూ, ఆమె కడిగింది. మంచిగ కడిగింది. కడిగినంక నేను తేట పూసిన. గడియ పెట్టుకొని రోజూ పూసిన. ఆమెకు తెల్వదు. తప్పంత నాది. రాసుకోండ్రి."

ముందు తేరుకున్నది హరిప్రియ. "పాత తోడుకు అది పెద్ద ప్రమాదం కాదు సార్. పొడి ఇచ్చినప్పుడు తేట వాడొద్దని మేమూ చెప్పలేదు. ఆవిడ దాచకపోతే ఈ తోడే లేదు" అంది గబగబా. ఉమాపతిగారు ఆ కాగితాన్ని రెండుగా చింపారు. కృష్ణమ్మ రేపట్నుంచి రావచ్చు అన్నారు. కళావతమ్మను పెరుగు గది నుంచి తీసేసి కూరగాయలు తరిగే చోటికి మార్చారు. పెరుగు ఇకనుంచి కృష్ణమ్మ పెట్టాలి, హరిప్రియ నేర్పుతుంది. ఆయన చేసిన దానికి నేను పేరు పెట్టలేను. నేను చేసినదానికంటే నయమే.

అందరూ లేచారు. కృష్ణమ్మ మాత్రం కదలలేదు. ఇంకు వేలు గాలిలోనే ఉంది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"మంగళారం. మేడం జెప్పినప్పుడు."

"మంగళారం పొద్దుమీకే గద నీ ఇంటికొచ్చిన. నీ ముంగట కూసొని ఏడ్సిన. చాయ్ పోసినవ్."

"పోసిన."

"అమ్మా, నువ్వు నిజంగనే కడగలేదా అని నా బిడ్డ అడిగిందక్కా. నిన్న పురాగ నాతోని మాట్లాడలే. నువ్వు గా రోజే చెప్తే నా బిడ్డ గట్ల అడుగుతుండెనా? ఎందుకు చెప్పలేదక్కా?"

కళావతమ్మ నావైపు తిరగలేదు. రెండడుగుల దూరంలో పెన్ను పట్టుకుని నేనున్నాను. ఒక్క వేలు చూపిస్తే సరిపోయేది.

"భయమైంది" అంది. "నా పని పోతదని భయమైంది."

కృష్ణమ్మ ఆ వేలు చీరకొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఇది జరిగి నాలుగు నెలలు. పెరుగు చక్కగా కుదురుతోంది, రోజూ తింటున్నాను. వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద పనిచేస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. కళావతమ్మ ఉల్లిగడ్డలు తరుగుతూ ఒంటరిగా అన్నం తింటోంది. నేను రెండుసార్లు కృష్ణమ్మ దాకా వెళ్లి, పెరుగు బాగుందని చెప్పి తిరిగొచ్చాను.

కృష్ణమ్మకు చదవడం రాదు. ఇది చదివినవాళ్లు ఎవరైనా ఆమెకు ఈ ఒక్క ముక్క వినిపించండి. కృష్ణమ్మా, ఆ మంగళవారం రెండింటికే, నువ్వు వాళ్లింటికి వెళ్లకముందే, కళావతమ్మ చెప్పేస్తానంది. ఆగమన్నది నేను.